త్యాగరాజ కీర్తనకు కాపీరైట్ క్లెయిమ్ ఎందుకొస్తుంది?

క్లుప్తంగా: ప్రతి వీడియోనూ ముందే జల్లెడ పట్టాలని కాపీరైట్ చట్టాలు సాధారణంగా నేరుగా చెప్పవు. తప్పు జరిగితే బాధ్యత యూట్యూబ్ లాంటి వేదికల మీదా పడొచ్చంటాయి. ఆ భారం దించుకోవడానికి వేదికలు ఫిల్టర్లు పెట్టుకుంటాయి. ఫిల్టర్‌కు పోలిక పట్టడం వచ్చు, అనుమతి ఉందో లేదో తెలుసుకోవడం రాదు. ఐరోపా సమాఖ్య 2019లో ఈ బాధ్యతను చట్టంగా బిగించింది. మన దేశంలో అలాంటి చట్టం లేదు. అయినా చెన్నైలో పాటలు పాడి పెట్టే తెలుగువాళ్లకు, సినిమా సమీక్షలు చేసేవాళ్లకు ఫిల్టర్ దెబ్బ ఇప్పటికే తగులుతోంది.

డిసెంబరు సంగీత సీజన్ దగ్గర పడేకొద్దీ మైలాపూర్ సందుల్లో సాయంత్రం పూట పాఠాలు గట్టిగా వినిపిస్తుంటాయి. అలాంటి ఒక ఇంట్లో పన్నెండేళ్ల అమ్మాయి ఎలక్ట్రానిక్ తంబూరా పెట్టుకుని త్యాగరాజ కీర్తన ఒకటి పాడిందనుకుందాం. నాన్న ఫోన్‌లో రికార్డు చేసి రాత్రికి యూట్యూబ్‌లో పెట్టాడు. తెల్లారేసరికి మెయిల్ వచ్చింది: మీ వీడియోలో కాపీరైట్ ఉన్న కంటెంట్ కనిపించింది, 0:42 నుంచి 3:10 వరకు, హక్కుదారు ఫలానా ఆడియో కంపెనీ.

త్యాగరాజస్వామి సిద్ధి పొందింది 1847లో. భారతీయ చట్టం ప్రకారం రచయిత, స్వరకర్త హక్కు వాళ్ల జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. పాడింది సొంత కూతురు, తీసింది సొంత ఫోన్. మరి ఆ కంపెనీ ఎక్కడి నుంచి వచ్చింది?

శాస్త్రీయ సంగీతం పాడేవాళ్లకు ఇది కొత్త అనుభవం కాదు. కారణం వెతకాలంటే ముందు యంత్రం ఎలా వింటుందో చూడాలి.

యంత్రం వినే పద్ధతి

యూట్యూబ్‌లో ఈ పని చేసే వ్యవస్థ పేరు కంటెంట్ ఐడీ, 2007లో మొదలైంది. ఆడియో కంపెనీలు, నిర్మాణ సంస్థలు, టీవీ చానెళ్లు తమ పాటలనూ దృశ్యాలనూ నమూనాలుగా అప్పగిస్తాయి. వ్యవస్థ ఆ నమూనాలో ఏ క్షణాన ఏ స్వరస్థాయి బలంగా మోగుతోందో గుర్తులు తీసి, వాటి నుంచి ఒక వేలిముద్ర తయారు చేస్తుంది. కొత్త వీడియో ఎక్కగానే దాని వేలిముద్రనూ తీసి, ఉన్న వాటన్నిటితో సరిపోల్చుతుంది. కొంత మేర కలిస్తే చాలు, క్లెయిమ్ పడుతుంది. రికార్డింగే కానక్కర్లేదు, బాణీ పోలిక కూడా పట్టగలదు. మన ఉదాహరణలోని అమ్మాయి చిక్కింది అక్కడే. అదే కీర్తనను, అదే రాగంలో, పాఠాంతరం (గురుపరంపరగా వచ్చిన వరస) తప్పకుండా పాడింది. గురువు మెచ్చుకునే లక్షణమే యంత్రానికి కాపీలా కనిపించింది.

క్లెయిమ్ పడ్డాక ఏం చేయాలో నమూనా ఇచ్చినవాళ్లు ముందే చెప్పి ఉంచుతారు. వీడియోను ఆపేయవచ్చు, దానిమీద ప్రకటనలు వేసి డబ్బు తీసుకోవచ్చు, లేదా ఊరికే లెక్కలు చూసుకోవచ్చు. పదింట తొమ్మిదిసార్లకు మించి హక్కుదారులు డబ్బు దారినే ఎంచుకుంటారని యూట్యూబ్ చెబుతోంది. అందుకే చాలామందికి క్లెయిమ్ వచ్చిన సంగతే పట్టదు. వీడియో ఉంటుంది, చూసేవాళ్లు చూస్తుంటారు, పైసలు మాత్రం వేరేచోటికి వెళ్తాయి.

యూట్యూబర్ల మాటల్లో ‘క్లెయిమ్ వచ్చింది’, ‘స్ట్రైక్ పడింది’ అన్నవి రెండూ ఒకటి కావు. క్లెయిమ్ వీడియోకు తగిలేది, స్ట్రైక్ చానెల్‌కు తగిలేది. హక్కుదారు చట్టప్రకారం తొలగింపు కోరితే స్ట్రైక్ పడుతుంది, 90 రోజులు నిలుస్తుంది. ఆ లోపు మూడు పడితే చానెలే పోవచ్చు. ఈ తేడా తెలియక క్లెయిమ్ మెయిల్ చూసి భయపడి, తమ తప్పేమీ లేని వీడియోలను తామే తీసేసుకునేవాళ్లు ఉన్నారు.

పాట ఒకటి, హక్కులు మూడు

తెలుగు పాట విషయంలో చిక్కు మరింత ముదురుతుంది. పాటలో సాహిత్యం ఒక హక్కు, బాణీ ఇంకొకటి, రికార్డింగ్ వేరొకటి. మూడింటికీ యజమానులు వేరుగా ఉండొచ్చు, గడువులూ వేరే. రికార్డింగ్‌కైతే అది విడుదలైన నాటి నుంచి 60 ఏళ్లు.

త్యాగరాజ కీర్తనలో సాహిత్యం, బాణీ రెండూ అందరివీ. ఫలానా విద్వాంసుడి క్యాసెట్ మాత్రం దాన్ని తెచ్చిన కంపెనీది. అన్నమయ్య దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. సాహిత్యం 15వ శతాబ్దానిది, ఎవరి సొత్తూ కాదు. రాగిరేకుల మీద రాగం పేరుందే తప్ప స్వరం లేదు. అందుకని ఇవాళ మనం వినే బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు స్వరపరిచారు. రాళ్లపల్లి 1979లో, నేదునూరి 2014లో కన్నుమూశారు. 60 ఏళ్ల లెక్కన చూస్తే ఆ బాణీల గడువు ఇంకా తీరలేదు. అంటే ‘ఇది వందల ఏళ్లనాటి పాట, ఎవరైనా పాడుకోవచ్చు’ అన్న వాదన త్యాగరాజ కీర్తనకు నిలుస్తుంది, అన్నమయ్య సంకీర్తనకు సగమే నిలుస్తుంది. ఈ తేడాను సంగీతం తెలిసిన మనిషి అర నిమిషంలో చెప్పగలడు. వేలిముద్రలో ఆ సమాచారమే ఉండదు.

సినిమా పాటల్లో మనుషులకే స్పష్టత లేదు. 2017లో అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంకు ఇళయరాజా తరఫు నుంచి లీగల్ నోటీసు వెళ్లినప్పుడు తెలుగిళ్లలో జరిగిన చర్చ చాలామందికి గుర్తుండే ఉంటుంది. పాడినాయనకు ఆ పాట మీద హక్కు లేదా, కట్టినాయనదా, డబ్బు పెట్టిన నిర్మాతదా, క్యాసెట్లమ్మిన కంపెనీదా? ఈ ప్రశ్నలపై మద్రాసు హైకోర్టులో ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ పాటల రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ హక్కును గట్టి చేసింది. 1980ల నాటి ఒప్పందాలు మాత్రం అప్పటి భాషలోనే ఉన్నాయి. కోర్టు ఏళ్లు తీసుకునే ఈ ప్రశ్నకు ఫిల్టర్ కొద్ది నిమిషాల్లో జవాబిచ్చేస్తుంది. ఎవరు నమూనా అప్పగిస్తే వాళ్లదే పాట.

‘ఫిల్టర్’ అన్న మాట లేని ఫిల్టర్ చట్టం

అమెరికాలో 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం (డీఎంసీఏ) వేదికలకు ఒక రాయితీ ఇచ్చింది. ఫిర్యాదు రాగానే తీసేస్తే నష్టపరిహారం కట్టనక్కర్లేదు, ముందస్తు నిఘా పెట్టనూ అక్కర్లేదు. కంటెంట్ ఐడీ చట్టం చెప్పి చేయించింది కాదు. 2007లోనే అమెరికా మీడియా సంస్థ వయాకామ్ యూట్యూబ్‌పై వంద కోట్ల డాలర్ల దావా వేసింది. అది 2014లో రాజీతో ముగిసింది. పెద్ద సంస్థలతో రోజూ తగువు పడేకంటే వాళ్ల చేతికి ఒక పరికరం ఇవ్వడమే వ్యాపారానికి మేలని వేదికకు అనిపించి ఉండాలి.

ఐరోపా సమాఖ్య వేరే దారి పట్టింది. డిజిటల్ కాపీరైట్ డైరెక్టివ్‌ను (సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన ఆదేశాన్ని) 2019 మార్చి 26న 348–274 ఓట్లతో ఐరోపా పార్లమెంటు ఆమోదించింది. అందులోని 17వ అధికరణం ప్రకారం, వాడుకరి ఎక్కించిన వీడియోను జనానికి చూపిస్తున్నది వేదికే. కాబట్టి అనుమతి తెచ్చుకోవలసిందీ వేదికే. తెచ్చుకోలేకపోతే మూడు సంగతులు రుజువు చేసుకోవాలి. అనుమతి కోసం శాయశక్తులా ప్రయత్నించానని, హక్కుదారు సమాచారమిచ్చిన రచన కనబడకుండా చూశానని, ఒకసారి తీసేసింది మళ్లీ ఎక్కకుండా ఆపానని. ‘ఫిల్టర్’ అన్న మాట ఎక్కడా లేదు. పైగా మూకుమ్మడి నిఘా కూడదని అదే అధికరణం అంటుంది. తీరా చూస్తే, నిమిషానికి వందల గంటల వీడియో వచ్చిపడే చోట ఆ మూడు పనులూ చేతితో చేయడం ఎవరి తరమూ కాదు.

పోలండ్ దీన్ని ఐరోపా న్యాయస్థానంలో సవాలు చేసింది. 2022 ఏప్రిల్ 26న తీర్పు వచ్చింది. స్వయంచాలక పరికరాలకు ప్రత్యామ్నాయమేమిటో చట్టాన్ని సమర్థించిన పక్షాలు కూడా చూపలేకపోయాయని, ఇది భావప్రకటనకు పరిమితేనని కోర్టు ఒప్పుకుంది. అయినా రక్షణలున్నాయి కాబట్టి చట్టం చెల్లుతుందంది. దానికొక షరతు జోడించింది: చట్టబద్ధమైనదేదో కానిదేదో తగినంతగా తేడా పట్టలేని ఫిల్టర్ పనికిరాదు. ఉల్లేఖన, విమర్శ, సమీక్ష, వ్యంగ్యం, పేరడీ లాంటివి నిలవాలి. సూత్రం బాగుంది. అలా తేడా పట్టే ఫిల్టర్ ఎక్కడుందన్నదే తేలలేదు.

జర్మనీ ఈ ఖాళీని అంకెలతో పూడ్చబోయింది. 2021 ఆగస్టు 1 నుంచి అమలైన అక్కడి చట్టంలో, 15 సెకన్ల లోపు వీడియో లేదా ఆడియో ముక్కను సొంత కంటెంట్‌తో కలిపి, అసలు రచనలో సగానికి మించకుండా, పెద్దగా ఆదాయం రాకుండా వాడితే, అది అనుమతించదగినదేనని ముందుగా భావించాలి. అలాంటి వీడియోను అప్పటికప్పుడు ఆపకూడదు. హక్కుదారు ఫిర్యాదు చేస్తే వారంలో తేల్చాలి, తేలేదాకా వీడియో ఉంటుంది. తప్పుడు దావాలు పదేపదే చేసేవాళ్లను కొంతకాలం ఆ సౌకర్యానికి దూరం పెట్టే వీలూ ఉంది. కెనడాది ఇంకో పద్ధతి. అక్కడి చట్టం 2015 నుంచి ఇంటర్నెట్ సంస్థలను ఫిర్యాదును వాడుకరికి చేరవేయమంటుందే గానీ తీసేయమనదు.

మన దగ్గర: 36 గంటలు, 21 రోజులు

భారతదేశంలో కాపీరైట్ కోసం ఫిల్టర్ పెట్టమనే చట్టం లేదు. 2021 ఐటీ నియమాల్లో, 50 లక్షలకు మించి వాడుకరులున్న పెద్ద వేదికలు స్వయంచాలక పరికరాలు వాడే ప్రయత్నం చేయాలన్న మాట ఉంది. అది అత్యాచార దృశ్యాలు, పిల్లలపై లైంగిక హింస వంటి వాటికి, ఒకసారి తొలగించిన అలాంటి సమాచారానికి సంబంధించినది. పాటల దొంగతనానికి కాదు.

కాపీరైట్ విషయంలో నడవాల్సింది 1957 చట్టంలోని 52వ సెక్షన్, 2013 నియమాల్లో 75వ నియమం. హక్కుదారు లింకుతో సహా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, కోర్టుకెళ్లి ఉత్తర్వు తెస్తానని హామీ ఇవ్వాలి. వేదిక 36 గంటల్లో ఆ వీడియోను ఆపాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి పెట్టుకోవచ్చు. కాగితం మీద ఇది చాలా దేశాల కంటే సమతూకంగా ఉంది, ఎందుకంటే ఫిర్యాదుదారుకు కోర్టు మెట్లెక్కే బాధ్యత ఉంది. ఆచరణలో ఈ దారి తొక్కేవాళ్లు తక్కువ. అంతర్జాతీయ వేదిక తన సొంత ఒప్పంద నియమాలనే మైలాపూర్‌కూ మిలాన్‌కూ ఒకేలా వర్తింపజేస్తుంది. ఐరోపా భయంతో పదునెక్కిన జల్లెడను చెన్నై కోసం ప్రత్యేకంగా వదులు చేయాల్సిన పని దానికి లేదు.

న్యాయస్థానాలు ఇంతవరకు ఫిల్టర్ వైపు పూర్తిగా మొగ్గలేదు. సోషల్ నెట్‌వర్క్ మైస్పేస్‌పై ఆడియో కంపెనీ టీ-సిరీస్ వేసిన కేసులో 2016 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం, తమ పాటల జాబితా చేతికిచ్చి ‘ఇవేవీ ఎక్కనివ్వొద్దు’ అంటే చాలదంది. ఏ లింకులో ఏ పాట ఉందో ఫలానా అని చెప్పినప్పుడే వేదికకు తెలిసినట్టు అంది.

మద్రాసు హైకోర్టు అనుభవం అంతకంటే పాతది. 2012లో చెన్నైకి చెందిన ఒక నిర్మాణ సంస్థ తన సినిమా పైరసీ కాకుండా, పేరు తెలియని ముద్దాయిలపై ముందస్తు ఉత్తర్వు తెచ్చుకుంది. మన కోర్టుల్లో ఇలాంటి ముద్దాయికి వాడుకలో ‘అశోక్ కుమార్’ అని పేరు. ఉత్తర్వు చేతికందగానే ఇంటర్నెట్ కంపెనీలు ఆ సినిమా లింకులను వెతుక్కునే శ్రమ పెట్టుకోలేదు. విమియో, డైలీమోషన్ లాంటి వీడియో సైట్లను మొత్తంగా మూసేశాయి. జూన్‌లో కోర్టు సర్దుబాటు చేసింది: సైటంతా కాదు, ఆ సినిమా ఉన్న లింకు మాత్రమే. అప్పటిదాకా ఆ సైట్లలో తమ పెళ్లి వీడియోలు, పాఠాలు, షార్ట్ ఫిల్ములు దాచుకున్నవాళ్లంతా ఎదురుచూశారు. అనుమానముంటే ఎక్కువే మూసెయ్, తక్కువ మూస్తే మెడకు చుట్టుకుంటుంది: నాటి ఇంటర్నెట్ కంపెనీ నడిచిన ఈ లెక్కమీదే ఇవాళ్టి ఫిల్టరూ నడుస్తుంది.

శుక్రవారం బొమ్మ, నెలాఖరు తీర్పు

నష్టం ఎక్కడ పడుతుందో చూడాలంటే గడియారం చూడాలి. వడపళనిలో అద్దెగదిలో ఉంటూ తెలుగు సినిమా సమీక్షలు చేసే కుర్రాణ్ని ఊహించుకోండి. ఉదయం ఆట చూసి మధ్యాహ్నానికి వీడియో పెడతాడు. ట్రైలర్‌లోంచి ఎనిమిది సెకన్ల ముక్క వాడి, నేపథ్య సంగీతం ఎందుకు కుదరలేదో వివరిస్తాడు. 52వ సెక్షన్‌లో విమర్శకూ సమీక్షకూ న్యాయమైన వాడకం అనుమతి ఉంది. ఇన్ని సెకన్లని అందులో అంకె లేదు. ‘పది సెకన్లలోపైతే ఏం కాదు’ అన్నది యూట్యూబర్ల మధ్య తిరిగే నమ్మకమే తప్ప చట్టం కాదు.

క్లెయిమ్ పడుతుంది. అతను అభ్యంతరం పెడితే, జవాబివ్వడానికి హక్కుదారుకు 30 రోజుల గడువుంది. కొత్త సినిమా సమీక్షను జనం చూసేది శుక్రవారం నుంచి ఆదివారం దాకా. నెల తర్వాత గెలిచినా అప్పటికి సినిమా ఓటీటీలోకి వచ్చేసి ఉంటుంది. అయిదు రోజుల్లోపు అభ్యంతరం పెడితే ఆ ఆదాయాన్ని పక్కన ఉంచి, గెలిచినవాళ్లకు ఇచ్చే ఏర్పాటు ఉంది, మేలే. వీడియోను ఆపేసిన సందర్భంలో మాత్రం పక్కన పెట్టడానికి ఆదాయమే ఉండదు.

యూట్యూబ్ ప్రకటించిన లెక్కల ప్రకారం 2021 మొదటి ఆరు నెలల్లో పడ్డ కంటెంట్ ఐడీ క్లెయిమ్‌లు 72 కోట్లకు పైమాటే. అభ్యంతరం వచ్చింది సుమారు 37 లక్షలకు, అంటే అర శాతానికి. ఆ అభ్యంతరాల్లో 60 శాతం, దాదాపు 22 లక్షలు, వీడియో పెట్టినవాళ్లకు అనుకూలంగా తేలాయి. ఈ అంకెల్ని రెండు పక్షాలూ చూపిస్తాయి. 99 శాతానికి పైగా ఎవరూ కాదనలేదు కాబట్టి యంత్రం సరిగ్గానే పనిచేస్తోందని ఒకరు. అడిగినవాళ్లలో సగానికి మించి గెలుస్తుంటే, అడగని వాళ్లలో ఎంతమంది ఊరుకుండిపోయారోనని ఇంకొకరు. రెండో ప్రశ్నకు జవాబు ఈ అంకెల్లో లేదు. అభ్యంతరం పెట్టేటప్పుడు పేరు, సంతకం ఇచ్చి చట్టపరమైన హెచ్చరికలు చదవాలి, ఓడితే స్ట్రైక్ దాకా వెళ్లొచ్చు. పాట నేర్చుకునే పిల్ల తండ్రి అంతదూరం పోతాడా అన్నది ఆలోచించాల్సిందే.

స్ట్రైక్ బేరసారాల ఆయుధంగానూ మారుతోంది. 2025 మేలో ఒక వార్తాసంస్థ తన క్లిప్పుల వాడకంపై స్ట్రైకులు వేసి, ఎత్తేయడానికి లక్షల్లో లైసెన్సు రుసుము అడిగిందని పలువురు యూట్యూబర్లు ఆరోపించారు. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. అడిగినది న్యాయమైన ధరా కాదా అన్నది పక్కన పెడితే, బేరానికి బలమిచ్చింది కోర్టు తీర్పు కాదు, మూడో స్ట్రైక్ భయం.

నిర్మాత బాధ, చిన్న వేదిక కష్టం

ఇదంతా విని ఫిల్టర్ ఉత్త దౌర్జన్యమనుకుంటే నిర్మాత వైపు అన్యాయం చేసినట్టే. థియేటర్‌లో ఫోన్‌తో తీసిన బొమ్మ మధ్యాహ్నానికే నెట్‌లో ఉంటే, ఒక్కో లింకుకూ ఫిర్యాదు రాసుకుంటూ కూర్చోవడం అయ్యే పని కాదు. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం థియేటర్ రికార్డింగ్‌కు మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షల రూపాయల నుంచి నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా పెట్టింది అందుకే. పెద్ద వేదికల్లో పూర్తి సినిమాలు ఎక్కువసేపు నిలవకపోవడానికి ఫిల్టరే కారణం.

అసలు పైరసీదారు మాత్రం జల్లెడలోంచి జారిపోతాడు. బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పేస్తాడు, చుట్టూ చట్రం గీస్తాడు, శ్రుతి కాస్త పెంచుతాడు. లేకపోతే యూట్యూబ్ జోలికే రాడు, సొంత సైటు పెట్టుకుని వారానికో చిరునామా మారుస్తాడు. సొంత పేరుతో, సొంత ముఖంతో వీడియో పెట్టేవాడే చిక్కుతాడు.

ఖర్చు సంగతీ ఉంది. కంటెంట్ ఐడీ మీద పది కోట్ల డాలర్లకు పైగా పెట్టామని గూగుల్ 2018లో చెప్పింది. బెంగళూరులోనో చెన్నైలోనో కొత్తగా షార్ట్ వీడియో యాప్ పెట్టేవాళ్లకు అది ఊహకందని మొత్తం. బయటి సంస్థల నుంచి ఫిల్టర్‌ను అద్దెకు తెచ్చుకోవాలి, లేదా ఆడియో కంపెనీలతో ముందే లైసెన్సులు కుదుర్చుకోవాలి. ఐరోపా చట్టం దీన్ని కొంత గమనించింది. మూడేళ్ల లోపు వయసున్న, ఏటా కోటి యూరోల లోపు టర్నోవర్ ఉన్న వేదికలకు బరువు తగ్గించింది. నాలుగో ఏడు రాగానే మాత్రం బరువంతా ఒక్కసారిగా మీద పడుతుంది. పెద్ద వేదికలను కట్టడి చేయాలని తెచ్చిన చట్టం, వాటితో పోటీపడేవాళ్లకే ఎక్కువ ఖరీదవుతుందన్న విమర్శ ఇక్కడి నుంచే వచ్చింది.

ఎవరు ఎదురుచూడాలి?

మన దగ్గరా ఐరోపా తరహా బాధ్యత రావాలన్న డిమాండ్ వినిపించినప్పుడు చూడాల్సింది ఫిల్టర్ ఉండాలా వద్దా అన్నది కాదు, అది ఎలాగూ ఉంది. వివాదం తేలేలోపు వీడియో ఏ స్థితిలో ఉంటుందన్నదే చూడాలి. జర్మనీలో కొన్ని రకాల వీడియోల విషయంలో హక్కుదారు ఎదురుచూస్తాడు, వీడియో ఉంటుంది. భారతీయ నియమంలో 21 రోజులు వీడియో పెట్టినవాడు ఎదురుచూస్తాడు, ఆ తర్వాత బంతి హక్కుదారు కోర్టులో. వేదిక సొంత నియమాల్లో ఆ ఎదురుచూపు అప్పీలుతో కలిపి నెల దాటుతుంది, న్యాయమూర్తి ఎవరూ ఉండరు. ఉత్తుత్తి బెదిరింపులపై కోర్టుకెళ్లే వీలు మన కాపీరైట్ చట్టం 60వ సెక్షన్‌లో ఉంది గానీ, మూడు నిమిషాల కీర్తన కోసం వకీలును పెట్టుకునేవాళ్లు అరుదు.

మైలాపూర్ తండ్రి ఆ మెయిల్‌కు అభ్యంతరం పెట్టదలిస్తే తెరమీద కారణాలు కనిపిస్తాయి. వాటిలో ‘రచన ప్రజలందరిదీ’ అన్నదాన్ని ఎంచుకోవాలి. కీర్తన త్యాగరాజుదని, పాడింది తమ అమ్మాయేనని, కంపెనీ రికార్డింగ్‌లోంచి ఏమీ తీసుకోలేదని రెండు వాక్యాలు రాయాలి. 30 రోజుల్లో కంపెనీ ఏమీ మాట్లాడకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. డిసెంబరు 15న అభ్యంతరం పెడితే ఆ గడువు సంక్రాంతి పూట ముగుస్తుంది. అప్పటికి సభల్లో కచేరీలు ముగింపుకొచ్చి ఉంటాయి.